ఎన్నికల ప్రవర్తనా నియమావళి: పెద్ద కొడప్‌గల్ పరిధిలో

కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని పెద్ద కొడప్‌గల్ 2016లో పిట్లం నుంచి విడివడి మండల కేంద్రమైంది. ఇక్కడి ఓటర్లది జుక్కల్ ఎస్సీ రిజర్వుడ్ శాసనసభ నియోజకవర్గం, జహీరాబాద్ లోక్‌సభ స్థానం. ఎన్నికల షెడ్యూలు వెలువడి నియమావళి (కోడ్) అమల్లోకి రాగానే ఊళ్లో నాయకుల విగ్రహాలకు ముసుగులు పడతాయి, పార్టీల జెండా దిమ్మెలకు గుడ్డలు చుడతారు, శిలాఫలకాల మీద కాగితాలు అంటిస్తారు. మహారాష్ట్ర సరిహద్దులోని సలాబత్‌పూర్ చెక్‌పోస్టులో వాహనాల తనిఖీ మొదలవుతుంది. ఆధారాలు లేకుండా 50 వేల రూపాయలకు మించి తీసుకెళ్తే పట్టుకుంటారు. ఇబ్బంది పడేది ఎక్కువగా పశువులను, పంటను అమ్ముకుని వచ్చే రైతులే కాబట్టి రశీదు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఈ కట్టుబాట్లకు మూలం 1960 కేరళ శాసనసభ ఎన్నికలు. అక్కడ పార్టీలు ఒప్పుకున్న నియమాలను 1962లో ఎన్నికల సంఘం దేశమంతటా పంపింది. 1979లో అధికార పార్టీ కోసం ప్రత్యేక భాగం చేరింది. కోడ్‌కు పదును వచ్చింది మాత్రం ఆ తర్వాతే. 1990 డిసెంబరులో ప్రధాన ఎన్నికల కమిషనర్ అయిన టి.ఎన్.శేషన్ దాన్ని గట్టిగా అమలు చేశారు.

తెలంగాణ పల్లెలు ఆ పదును చూసింది రైతులకు పెట్టుబడి సాయమిచ్చిన రైతుబంధు పథకం విషయంలో. 2018 ఎన్నికల వేళ చెక్కుల పంపిణీ వద్దని, సొమ్ము ఖాతాల్లోనే జమ చేయాలని సంఘం షరతు పెట్టింది. 2023లో యాసంగి సాయానికి మొదట అనుమతిచ్చి, జమ సంగతిని అప్పటి మంత్రి హరీశ్‌రావు ప్రచార సభలో ప్రస్తావించారంటూ నవంబరు 27న వెనక్కి తీసుకుంది. పోలింగ్‌కు మిగిలింది మూడు రోజులే. విత్తనాలకు ఆ డబ్బు కోసం చూసిన రైతుకు అది కష్టమే అయినా, సర్కారు ఖజానా సొమ్మును ఓట్ల వేటకు వాడనివ్వకపోవడం న్యాయం. కొద్ది ఓట్లు కూడా ఫలితాన్ని మారుస్తాయి: జుక్కల్‌లో ఆ ఎన్నిక 1,152 ఓట్ల తేడాతో తేలింది.

నియమావళికి చట్టబలం లేదు. చట్టం చేయాలని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం సూచించింది. కేసులు కోర్టుల్లో నానుతాయని ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. ఓటుకు నోటు మాత్రం ఎప్పటినుంచో నేరమే.

ఇక సర్పంచి ఎన్నికల కోడ్ రాష్ట్ర ఎన్నికల సంఘానిది. అవి పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఉదాహరణకు 2019లో అవి జనవరిలో మూడు విడతల్లో జరిగాయి. ఏకగ్రీవం పేరుతో సర్పంచి పదవిని వేలం వేయడం అక్కడ ఎదురయ్యే పెద్ద బెడద. వేలంలో పాడిన డబ్బు గుడికి ఇచ్చినా, బడికి ఇచ్చినా ఊరి ఓటుహక్కును కొన్నట్టే.