చరిత్రకెక్కని పలక

జాగ్వార్ ఎక్స్‌కె ఇంజిన్ గురించి ఎవరు రాసినా కథ ఒకచోటే మొదలెడతారు. రెండో ప్రపంచయుద్ధం, కొవెంట్రీ, బాంబులు పడితే మంటలార్పడానికి ఫ్యాక్టరీలో రాత్రి కాపలా. ఆ రాత్రుల్లో లయన్స్, హీన్స్, హసన్, బెయిలీ కూర్చుని, యుద్ధం అయ్యాక చెయ్యాల్సిన ఇంజిన్ గురించి మాట్లాడుకున్నారట. 1948 లండన్ మోటార్ షోలో ఎక్స్‌కె120 కారుతో అది బయటికొచ్చింది: ఆరు సిలిండర్లు, 3442 సీసీ, పైన రెండు కామ్‌షాఫ్టులు. తర్వాత లె మాన్స్‌లో ఐదు గెలుపులు.

మంచి కథే. కానీ 1992 దాకా తయారైన ఇంజిన్ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది రిపేరు షెడ్లలో. ఆ చరిత్ర ఎవరూ రాయరు. మెకానికల్ చదివి కోడ్ రాసుకుని బతుకుతున్న నాకు ఆసక్తి అక్కడే.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి, వాల్వులు సరైన క్షణంలో తెరుచుకోవాలి. రెండిటినీ కలిపేది చైను. చైను సాగుతుంది. వేడికి వంగిన హెడ్డుని చదును చేయిస్తే దూరాలు మారతాయి. చక్రం మీద ఒక పన్ను జరిపి సరిచేద్దామంటే, ఒక పన్నంటే మరీ ఎక్కువ.

హీన్స్ బృందానికి ఇది ముందే తెలుసు. అందుకే చక్రానికీ షాఫ్టుకీ మధ్య సన్నటి నొక్కులున్న ఒక పలక పెట్టారు. ముందున్న పిస్టన్ (జాగ్వార్ లెక్కలో అది ఆరోది, వాళ్ళు వెనకనించి లెక్కపెడతారు!) కంప్రెషన్‌లో పూర్తిగా పైకొచ్చాక, షాఫ్టు కొసనున్న గాడిలో గేజ్ కూర్చోబెట్టాలి. పలకని నొక్కులనించి విడదీసి, బోల్టు రంధ్రాలు కలిసేదాకా తిప్పి, మళ్ళీ కూర్చోబెట్టాలి. రంధ్రాలు వెంట్రుకవాసి తేడాతో కలవకపోతే? పలకని సగం చుట్టు తిప్పి పెట్టమంటుంది మాన్యువల్. అలా తిప్పితే కలిసేట్టే దాన్ని చేశారు.

ఎప్పుడో, ఏ ఊళ్ళోనో, అరిగిన ఇంజిన్ ముందు కూర్చునే ముక్కూ మొహం తెలియని మెకానిక్ కోసం చేసిన ఏర్పాటిది. నాకైతే లె మాన్స్ కప్పులకన్నా ఇదే గొప్ప. పాత కారుకి ఇంజిన్ నంబరు కలిసిందా లేదా అని చూసి వెల కట్టేవాళ్ళు ఈ పలక వంక చూడరు.

బోల్టులు బిగించాక ఇంజిన్ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, గేజ్ మళ్ళీ పెట్టి చూడాలి. గాడిలో కూర్చోకపోతే మళ్ళీ మొదటికే.