తాలు ఏరి తూకం వేద్దాం: స్టెరాయిడ్లు, బేస్‌బాల్ కీర్తిమందిరం, మన క్రీడా పురస్కారాలు

మిర్చి కోతలయ్యాక కల్లూరు చుట్టుపక్కల కల్లాల్లో రెండు రకాల కుప్పలు కనిపిస్తాయి. ఒకటి ఎర్రగా నిగనిగలాడే తేజ. రెండోది తెల్లబారిన కాయ, మచ్చ పడిన కాయ. దాన్ని తాలు అంటాం. కూలికి వచ్చిన ఆడవాళ్లు పట్టా మీద కూర్చుని కాయకాయా చూసి ఏరతారు. ఖమ్మం మార్కెట్‌కు రెండూ వెళ్తాయి, వేర్వేరు బస్తాల్లో, వేర్వేరు ధరలకు. తాలు కలిసిందని పంటంతా పారబోసే రైతు ఉండడు, తాలును తేజ ధరకు కొనే ఖరీదుదారూ ఉండడు.

స్టెరాయిడ్లు వాడిన ఆటగాళ్లకు శాశ్వత గౌరవం ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న మీద అమెరికాలో ఇరవై ఏళ్లుగా తగవు నడుస్తోంది. ఆ తగవులో ఎవరూ చేయనిది ఈ ఏరే పనే. ఒకరు బస్తా మొత్తం పారబోయమంటారు, ఇంకొకరు కళ్లు మూసుకుని మొత్తం కొనమంటారు. మనకు బేస్‌బాల్ తెలియదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవడు వీడియో కాల్‌లో ఆ బ్యాటు చూపిస్తే తప్ప ఖమ్మం జిల్లాలో దాన్ని చూసినవాళ్లు తక్కువ. అయినా ఈ తగవు మనదీ అని చెప్పడానికి 2022 అర్జున అవార్డుల జాబితా చాలు. దాని సంగతి తర్వాత చెబుతాను.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో 1939లో బేస్‌బాల్ కీర్తిమందిరం తెరిచారు. ఆట మానేసిన ఐదేళ్ల తర్వాత ఆటగాడి పేరు పరిశీలనకు వస్తుంది. ఓటు వేసేది సీనియర్ క్రీడా విలేకరులు. నూటికి 75 ఓట్లు రావాలి. రాకపోతే పదేళ్ల వరకు పేరు జాబితాలో ఉండొచ్చు, ఆ తర్వాత ఒక చిన్న కమిటీ చూస్తుంది. ఓటర్లు ఆటతో పాటు నిజాయితీని, నడవడికను కూడా చూడాలని నిబంధనల్లోనే ఉంది. చిక్కంతా ఆ మాట దగ్గరే వచ్చింది.

బారీ బాండ్స్ కెరీర్‌లో 762 హోమ్ రన్లు కొట్టాడు. మన సిక్సర్ లాంటిదే అనుకోండి. 2001లో ఒక్క సీజన్‌లోనే 73 కొట్టాడు. ఆ రెండు రికార్డులూ ఇప్పటికీ అతనివే. రోజర్ క్లెమెన్స్ బంతి విసిరే స్థానంలో 354 విజయాలు సాధించాడు. 2022లో, జాబితాలో వాళ్ల చివరి ఏడాది, బాండ్స్‌కు 66 శాతం, క్లెమెన్స్‌కు 65.2 శాతం ఓట్లు వచ్చాయి. స్టెరాయిడ్ల అనుమానంతో ఇద్దరూ గడప దాటలేదు. అదే ఏడాది డేవిడ్ ఒర్టిజ్ 77.9 శాతంతో తొలిసారే లోపలికి వెళ్లాడు. పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చి 2003లో చేసిన సర్వే పరీక్షల్లో దొరికినవారిలో ఒర్టిజ్ పేరు కూడా ఉందని 2009లో పత్రికలు రాశాయి. ఒకే రకం అనుమానం ఒకరికి అడ్డొచ్చింది, ఇంకొకరికి రాలేదు. నవ్వే మనిషికి ఓటు సులువుగా పడుతుందని నాకనిపిస్తుంది. బాండ్స్ విలేకరులతో అంతగా నవ్వుతూ మాట్లాడినవాడు కాదు.

ముందుగా తేల్చవలసింది నిబంధన ఎప్పటిదన్నది. సంక్రాంతికి మా వైపు ఊళ్లలో కబడ్డీ పోటీలు పెడతారు. ఎంట్రీ ఫీజు కట్టించుకునేటప్పుడే మైకులో చెప్పేస్తారు: ఊరి పిల్లలే ఆడాలి, బయటి ఆటగాణ్ణి దింపితే టీమును తీసేస్తాం అని. కూత మొదలయ్యాక ఎవరైనా అభ్యంతరం చెబితే అంపైర్ అడిగే మొదటి ప్రశ్న, 'ఇంతసేపు ఏం చేశారు?' అని. బేస్‌బాల్‌లో మైకులో చెప్పడం జరిగింది, చూసే అంపైరే లేడు. అమెరికా చట్టం 1990లోనే స్టెరాయిడ్లను నియంత్రిత మందుల్లో చేర్చింది. అప్పటి కమిషనర్ ఫే విన్సెంట్ 1991లో అన్ని జట్లకూ మెమో పంపాడు. అయితే ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం లేకుండా పరీక్ష చేయడానికి లేదు. 2003లో పేర్లు లేని సర్వే పరీక్షలు చేశారు. ఐదు శాతం కన్నా ఎక్కువమంది దొరికితేనే అసలు పరీక్షలన్నది షరతు. దొరికారు. అలా 2004లో పరీక్షలు వచ్చాయి, మొదటిసారి దొరికితే సస్పెన్షన్ లేదు, చికిత్స మాత్రమే. పది రోజుల సస్పెన్షన్ 2005లో, 50 మ్యాచ్‌ల నిషేధం 2006లో వచ్చాయి.

ఈలోపు జరగాల్సిందంతా జరిగిపోయింది. 37 ఏళ్లుగా నిలిచిన 61 హోమ్ రన్ల రికార్డును 1998లో మార్క్ మెగ్వైర్ 70తో, సామీ సోసా 66తో దాటేశారు. స్టేడియాలు నిండాయి, టీవీ డబ్బు పొంగింది. ఆటలో స్టెరాయిడ్ల వాడకంపై జార్జ్ మిచెల్ ఇచ్చిన నివేదిక 89 మంది ఆటగాళ్ల పేర్లతో బయటికొచ్చింది 2007 డిసెంబర్‌లో. బాండ్స్‌కు డోపింగ్ కింద ఒక్క రోజు కూడా సస్పెన్షన్ పడలేదు. అబద్ధపు సాక్ష్యం కేసులో క్లెమెన్స్‌ను 2012లో కోర్టు నిర్దోషిగా వదిలేసింది. అంటే డోపింగ్ విషయంలో వాళ్ల మీద తీర్పు ఇచ్చింది విలేకరుల ఓట్లే. వాదన వినే గది లేదు, అప్పీలు లేదు, శిక్షకు గడువూ లేదు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ మన శ్రీకాకుళం అమ్మాయి పతకం వచ్చిన చోటే ఉంది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి రావడం అదే తొలిసారి. ఆ క్రీడల్లోనే 48 కిలోల స్వర్ణం గెలిచిన బల్గేరియా లిఫ్టర్ ఇజబెలా ద్రగ్నేవా మూత్రంలో ఫ్యూరోసెమైడ్ దొరికింది. ఒంట్లో నీటిని బయటికి తోసేసి బరువు తగ్గించే, ఇతర మందుల జాడను పలచబరిచే మాత్ర అది. కొద్ది రోజుల్లోనే ఆ స్వర్ణం అమెరికా లిఫ్టర్ టారా నాట్‌కు వెళ్లింది. నిబంధన, పరీక్ష, శిక్ష మూడూ బరువెత్తకముందే ఉన్నాయి. అందుకే ఆ తగవు ఇరవై ఏళ్లు సాగలేదు.

ఇప్పుడు అర్జున జాబితాకు వస్తాను. 2022 అవార్డులను నవంబర్ 30న రాష్ట్రపతి భవన్‌లో ఇచ్చారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్, హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి ఆకుల శ్రీజ ఆ జాబితాలో ఉన్నారు. అదే జాబితాలో హర్యానా బాక్సర్ అమిత్ పంఘల్, డిస్కస్ త్రోయర్ సీమా పూనియా కూడా ఉన్నారు. ఇద్దరికీ డోపింగ్ మచ్చ ఉంది. 2000లో జూనియర్ ప్రపంచ పోటీల్లో గెలిచిన స్వర్ణాన్ని సూడోఎఫిడ్రిన్ వల్ల సీమ పోగొట్టుకుంది. జలుబు మందుల్లో ఉండే సరుకే అది. అమిత్ 2012లో అనబాలిక్ స్టెరాయిడ్ పరీక్షలో దొరికాడు. ఆటలమ్మ పోస్తే తీసుకున్న చికిత్సలో తెలియక జరిగిందన్నాడు. ఆటలమ్మ మందు ఆటకే ముప్పు తెచ్చిందన్నమాట. ఏడాది నిషేధం అనుభవించాడు. తర్వాత 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 2019 ప్రపంచ పోటీల్లో రజతం గెలిచాడు. అయినా డోపింగ్ శిక్ష పడినవారికి అవార్డు లేదన్న అప్పటి నిబంధన అడ్డొచ్చింది. 2020లో అతను క్రీడామంత్రికి లేఖ రాసుకున్నాడు. తర్వాత నిబంధన సడలింది, శిక్ష పూర్తి చేసినవారికి తలుపు తెరుచుకుంది.

అతని మాటను నమ్మాలా అని అడిగేవాళ్లు ఒకసారి మన మండలాల్లో ఏ ఆర్‌ఎంపీ గదిలోనైనా కూర్చోవాలి. ఒళ్లు నొప్పులన్నా, దద్దుర్లన్నా, ఆయాసమన్నా ఒక సూది పడుతుంది. అందులో ఏముందని రోగి అడగడు, గుణం కనిపించిందా లేదా అన్నదే లెక్క. చాలాసార్లు అది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడే. అది వాపు తగ్గించే రకం. కండ పెంచే అనబాలిక్ రకం వేరు, అది టెస్టోస్టెరాన్ సంతతి. కసరత్తులో దెబ్బతిన్న కండను త్వరగా కూడగట్టి మర్నాడు మళ్లీ బరువు మోయిస్తుంది. పోటీ రోజుల్లో మొదటి రకం సూదికీ నిషేధమే, రెండో రకానికి ఏడాది పొడుగునా నిషేధం. ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత ఆటగాడిదే అన్నది అంతర్జాతీయ నియమం. జిమ్ముల్లో లేబుల్ చదవకుండా ప్రొటీన్ డబ్బా కొంటున్న మన పిల్లలకు ఈ నియమం ఎవరూ చెప్పడం లేదు. 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాల్లో 3.8 శాతం దోషం తేలింది. భారీగా పరీక్షలు చేసే దేశాల్లో ఆ ఏడాది అంత శాతం ఇంకెక్కడా లేదు.

మన దేశంలో శిక్ష తర్వాత గౌరవం ఇవ్వడం కొత్త కాదు. మణిపూర్ లిఫ్టర్ కుంజరాణి దేవికి 2001లో స్ట్రిక్నిన్ వల్ల ఆరు నెలల నిషేధం పడింది. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 2011లో పద్మశ్రీ వచ్చింది. కుంజరాణి, సీమ, అమిత్ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం దొరుకుతుంది. పని చేసింది అదే: మచ్చ లేని కాలంలో ఏం ఆడారో దానికే గౌరవం. మచ్చ పడిన కాలపు పతకం పోయింది, అది తాలు. మిగిలింది తూకానికి వచ్చింది.

ఈ కాటా మీద అమెరికా ఆటగాళ్లను పెట్టి చూద్దాం. అలెక్స్ రోడ్రిగెజ్‌కు 2014 సీజన్ మొత్తం నిషేధం పడింది. శిక్ష పూర్తయింది కాబట్టి అర్హుడే కదా అనొచ్చు. అర్హుడే, కానీ తూకంలో నిలవడు. 696 హోమ్ రన్లలో శిక్ష తర్వాత కొట్టినవి 42. అంతకుముందు 2001 నుంచి 2003 దాకా వాడానని 2009లో తనే ఒప్పుకున్నాడు. నిషేధం పడింది ఆ తర్వాత మళ్లీ చేసిన తప్పుకు. తాలు ఏరితే కుప్ప బాగా తగ్గిపోతుంది. బాండ్స్ సంగతి వేరు. అతని మీద వచ్చిన ఆరోపణలన్నీ 1998 సీజన్ తర్వాతి కాలానివి. ఆ సీజన్ ముగిసేసరికే అతని ఖాతాలో 411 హోమ్ రన్లు, 445 దొంగిలించిన బేస్‌లు (బంతి విసిరేవాడి కన్నుగప్పి పరుగెత్తి చేరినవి), మూడు అత్యుత్తమ ఆటగాడి అవార్డులు ఉన్నాయి. ఆ రెండు లెక్కల్లోనూ నాలుగు వందలు దాటినవాడు చరిత్రలో అతనొక్కడే. క్లెమెన్స్ మీద మిచెల్ నివేదిక చెప్పింది 1998 నుంచి. అప్పటికే 213 విజయాలు, బంతి విసిరేవాళ్లలో ఉత్తముడికిచ్చే సై యంగ్ అవార్డులు నాలుగు వచ్చేశాయి. అనుమానపు ఏళ్లన్నీ ఏరి పక్కన పోసినా వీళ్లిద్దరూ తేజ రకమే. మెగ్వైర్, సోసాల బస్తాలు అలా నిలవవు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ ఏ మందూ ముట్టాడన్న మాట పడకుండా 493 హోమ్ రన్లు కొట్టాడు. చుట్టూ లెక్కలు ఉబ్బిపోయిన రోజుల్లో అతని లెక్క చిన్నదిగా కనిపించింది. పదేళ్లూ విలేకరులు ఓటు వేయలేదు. 2022 డిసెంబర్‌లో బాండ్స్, క్లెమెన్స్‌లను తిప్పిపంపిన 16 మంది కమిటీయే మెక్‌గ్రిఫ్‌ను ఏకగ్రీవంగా తీసుకుంది. వాడినవాడి నేరానికి నష్టపోయేది ఇలాంటి మనిషే. అయితే బాండ్స్‌ను బయట ఉంచినందువల్ల మెక్‌గ్రిఫ్‌కు ఆ పదేళ్లూ తిరిగి రావు. కాటా సరిగ్గా ఉండి ఉంటే అతను ముందే వెళ్లేవాడు.

ఈ తూకాన్నే మన వైపు తిప్పుకుంటే ద్యుతీ చంద్ కేసు కనిపిస్తుంది. ఒడిశా అమ్మాయే అయినా పరుగు సాన పట్టింది హైదరాబాద్‌లో. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు, 2020లో అర్జున. 2022 డిసెంబర్‌లో ఇచ్చిన నమూనాల్లో కండ పెంచే మందులు దొరికి నాలుగేళ్ల నిషేధం పడింది. 2018 పతకాలకు 2022 తాలు అంటదు. ఆ అర్జునను వెనక్కి అడగడం అన్యాయం. నిషేధం తర్వాత కొత్త గౌరవం కావాలంటే మాత్రం కొత్తగా పరిగెత్తాలి.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇంకొకటుంది. మెగ్వైర్‌ను రెండు జట్లలో నడిపించిన మేనేజర్ టోనీ లా రూసా 2013లో 16కు 16 ఓట్లతో కీర్తిమందిరానికి ఎంపికయ్యాడు. స్టెరాయిడ్ల కాలమంతా ఆటను ఏలిన కమిషనర్ బడ్ సెలిగ్ 2016లో ఎంపికయ్యాడు. కండ పెంచినవాడు గేటు బయట, ఆ కండతో టికెట్లు అమ్ముకున్నవాడు గోడ మీద. మన దగ్గరా పెద్ద తేడా లేదు. 2011లో రన్నర్లు అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సినీ జోస్ డోపింగ్‌లో దొరికినప్పుడు కోచ్ యూరీ ఒగొరొద్నిక్‌ను పనిలోంచి తీసేశారు. రెండేళ్లు పరుగు పోగొట్టుకున్నది అమ్మాయిలే.

భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయ్యాక, మా వైపు ఆడపిల్లల తల్లిదండ్రులు కోచింగ్ ఎక్కడని అడగడం మొదలుపెట్టారు. ఆ పిల్లల్ని మనం అప్పగించేది కోచ్‌కే, సూదీ డబ్బా ఏదైనా ముందు చేరేది ఆ చేతికే. కాబట్టి కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖకు, తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలకు ఒక విన్నపం. నగదు పురస్కారమైనా, ద్రోణాచార్య అయినా, కోచ్ నింపే దరఖాస్తులో ఒక గడి ఉండాలి: మీ దగ్గర శిక్షణ పొందుతుండగా డోపింగ్ శిక్ష పడినవారెందరు, ఏ ఏడాది, ఏ మందుకు? ఆ గడి ఖాళీగా వదిలిన దరఖాస్తును తీసుకోవద్దు.