ముసలి పిల్లికి షుగర్ వస్తే: ఇన్సులిన్, తిండి, ఇంట్లో జాగ్రత్తలు

పిల్లికి కూడా షుగర్ వస్తుందంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. కానీ మనుషుల్లాగే పిల్లులకీ మధుమేహం వస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటిన వాటిలో, ఒళ్లు చేసిన వాటిలో, ఆపరేషన్ అయిన మగపిల్లుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కొబ్బరి బజారుకి పేరుపడ్డ అంబాజీపేట లాంటి ఊళ్లో ఎండుకొబ్బరి నిల్వలున్న చోట ఎలుకలు తప్పవు, ఎలుకలున్న చోట పిల్లి తప్పదు. ఎలుకల్ని పట్టినన్నాళ్లు పట్టి, వయసు మీద పడ్డాక అరుగెక్కి పడుకుని, ఇంటివాళ్లు పెట్టే పాలన్నం తిని లావెక్కే పిల్లి ఈ జబ్బుకి దగ్గర్లో ఉన్నట్టే.

జబ్బు బయటపడినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. సరిగ్గా చూసుకుంటే ఇన్సులిన్ మీద ఏళ్ల తరబడి మామూలుగా బతికే పిల్లులున్నాయి. అయితే ఒక సంగతి మొదటిరోజే తెలియాలి. పెరిగిన షుగర్ రోజులు, వారాల మీద దెబ్బతీస్తుంది. పొరపాటున ఎక్కువ పడిన ఇన్సులిన్ మాత్రం గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తల్లో సగం ఈ రెండోదాని గురించే.

గుర్తులు

పట్నం ఫ్లాట్లలో పిల్లి ఇసుక ట్రేలో పోస్తుంది కాబట్టి ఎంత పోసిందో తెలిసిపోతుంది. కోనసీమలో పిల్లి కొబ్బరితోటలోకి వెళ్లి వస్తుంది, ఎవరూ చూడరు. అందుకే ఇక్కడ నీళ్ల మీద కన్నేయాలి. ఎప్పుడూ నీళ్లు పెద్దగా ముట్టని పిల్లి బక్కెట్లోనూ, కుడితి గోలెంలోనూ, కుళాయి కిందా మూతి పెడుతోందంటే అనుమానించాల్సిందే. తిండి బాగానే తింటూ చిక్కిపోవడం, వీపు మీద చేయి వేస్తే ఎముకలు తగలడం, గెంతాల్సిన చోట గెంతలేకపోవడం మిగతా గుర్తులు. కొన్ని పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి కుందేలులా నడుస్తాయి. అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న లక్షణం. ఇంట్లో ఎక్కడైనా పోస్తే ఆ మరక చుట్టూ చీమలు చేరడం కూడా చూడాలి. మనిషి మధుమేహాన్ని పాతకాలపు వైద్యులు గుర్తుపట్టిన దారుల్లో ఇదీ ఒకటి.

ఇవే లక్షణాలు కిడ్నీ జబ్బులోనూ, ముసలి పిల్లులకొచ్చే థైరాయిడ్ జబ్బులోనూ ఉంటాయి. కాబట్టి రక్తపరీక్ష లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. అందులోనూ ఒక చిక్కుంది. సంచిలో పెట్టి బండి మీద ఆసుపత్రికి తెచ్చిన పిల్లికి భయంతోనే షుగర్ 300 దాకా ఎగబాకవచ్చు, జబ్బు లేకపోయినా సరే. అందుకే ఒక్క అంకె చూసి తేల్చరు. మూత్రంలో షుగర్ ఉందా, గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష ఎలా ఉంది అన్నవి కూడా చూస్తారు. అంతకుముందు దురదకో, నోటిపుండుకో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పాలి. స్టెరాయిడ్లు పిల్లుల్లో షుగర్‌ని బయటపెడతాయి.

ఊళ్లలోని పశువుల ఆసుపత్రులకి ఎక్కువగా వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలే. కేసు చిక్కుగా ఉంటే కాకినాడ, రాజమహేంద్రవరం వైపో, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో వెళ్లాల్సి రావచ్చు. గన్నవరం అంటే అంబాజీపేట పక్కనున్న పి.గన్నవరం కాదు, విజయవాడ దగ్గరిది.

సీసా మీద 100, సిరంజి మీద 40

పిల్లులకి ఎక్కువగా రాసేది గ్లార్జిన్ ఇన్సులిన్. లాంటస్, బాసలాగ్ లాంటి పేర్లతో మనుషుల మందుల షాపులోనే దొరుకుతుంది. మొదట్లో సాధారణంగా పూటకి 1 యూనిట్, ఒక్కోసారి అంతకన్నా తక్కువ, 12 గంటలకోసారి వేయమంటారు. అసలు మోతాదు ఎంతన్నది ఆ పిల్లిని చూసిన డాక్టరే చెప్పాలి.

ప్రమాదం సిరంజి దగ్గర పొంచి ఉంటుంది. మన దేశంలో మనుషుల ఇన్సులిన్ రెండు బలాల్లో అమ్ముతారు. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లున్న సీసాలు కొన్ని, 100 యూనిట్లున్నవి కొన్ని. దేని సిరంజి దానికే. యూ-40 సిరంజికి సాధారణంగా ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. గ్లార్జిన్ మామూలుగా 100 బలం మందు. దాన్ని షాపువాళ్లు అలవాటుగా చేతిలో పెట్టిన ఎర్రమూత సిరంజితో 1 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 1 యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. డెబ్భై కిలోల మనిషికి ఆ తేడా పెద్ద లెక్క కాకపోవచ్చు, నాలుగు కిలోల పిల్లికి ప్రాణగండం. తిరగేసి 40 బలం మందుని 100 సిరంజితో లాగితే ఒక గీతకి 0.4 యూనిట్ మాత్రమే పడి షుగర్ తగ్గదు. అప్పుడు మందు పనిచేయట్లేదనుకుని మోతాదు పెంచేస్తారు, అదింకో ప్రమాదం. టౌజియో పేరుతో 300 బలం గ్లార్జిన్ కూడా ఉంది, ఆ పెన్నులోంచి సిరంజితో మందు లాగకూడదు. షాపులో కొన్నరోజే సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇంట్లో తాతగారికి ఇన్సులిన్ ఉందని అందులోంచే పిల్లికి కాస్త వేయడం అసలు వద్దు. చాలామంది పెద్దవాళ్లు వాడేది రెండు రకాలు కలిపిన మందు, దాని తీరు వేరు. మనుషుల షుగర్ మాత్రలు కూడా సొంతంగా వేయకూడదు.

సూది వేయడం భయపడేంత కష్టం కాదు. పిల్లి గిన్నెలో మూతి పెట్టి తింటుండగా, పక్కటెముకల మీద వదులు చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ మడతలోకి సన్నటి సూది గుచ్చి మందు వదిలితే చాలా పిల్లులు తల కూడా ఎత్తవు. రోజూ ఒకేచోట కాకుండా చోటు మారుస్తుండాలి. గ్లార్జిన్‌ని కుదపకూడదు, నీళ్లు కలిపి పలచన చేయకూడదు. వాడిన సూదుల్ని దొడ్లో విసిరేస్తే చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయి. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి.

ముందు తిండి, తర్వాత సూది. తినని పిల్లికి పూర్తి మోతాదు వేయకూడదు, డాక్టరుకి ఫోన్ చేయాలి. సగం మందు బయటికి కారిపోయిందనిపించినా, వేశామో లేదో గుర్తులేకపోయినా రెండోసారి వేయొద్దు. ఒక పూట మానేస్తే పోయేదేమీ లేదు. ఉమ్మడి కుటుంబాల్లో ఉదయం అత్తగారు వేసిన సంగతి తెలియక కోడలు మళ్లీ వేయడం లాంటివి జరక్కుండా, గోడ క్యాలెండర్ మీద వేసినవాళ్లు వెంటనే టిక్కు పెట్టడం మంచిది. రంజాన్ నెలలో ఇంట్లో వంట వేళలు మారతాయి, పిల్లి వేళలు మాత్రం మారకూడదు.

గిన్నెలో ఏముంది

పిల్లి పుట్టుకతో మాంసాహారి. అన్నం, పాలు, బిస్కెట్లు, మిగిలిపోయిన పొట్టిక్కలు, ఇడ్లీ దానికి అవసరమైన తిండి కాదు. షుగర్ వచ్చిన పిల్లికి పిండిపదార్థం ఎంత తగ్గితే అంత మేలు. గింజల్లా ఉండే ఎండు క్యాట్‌ఫుడ్‌లో చాలావాటిలో పిండిపదార్థం ఎక్కువే. తడి ఆహారం నయం, మాంసం శాతం ఎక్కువున్నది ఇంకా నయం.

ఇంటి తిండి పెట్టేవాళ్లకి కోనసీమలో చేపలకి కొదవ లేదు. శీలావతో, బొచ్చో ముళ్లు తీసి ఉప్పు, కారం లేకుండా ఉడికించి పెట్టవచ్చు. పులసని పిల్లికి పెట్టే ఇల్లు ఎలాగూ ఉండదు. ఉడికించిన నీళ్లు పారబోయకుండా అందులోనే కలపాలి. పిల్లి గుండెకీ కళ్లకీ అవసరమైన టారిన్ ఆ నీళ్లలోకి దిగిపోతుంది. పచ్చి చేప రోజూ పెడితే కొన్ని రకాల వల్ల బి1 విటమిన్ లోపం వస్తుంది. ఉప్పుచేప వద్దు. కూరలోంచి తీసిన ముక్క కడిగి పెట్టినా ఉల్లి, వెల్లుల్లి రసం ఉంటుంది, ఆ రెండూ పిల్లి రక్తానికి విషం. చేప ఒక్కటే కాకుండా కోడిమాంసం, కొద్దిగా కోడి కాలేయం కలుపుతుండాలి. ఇంటి తిండి మాత్రమే పెట్టేట్టయితే ఏం లోపిస్తుందో డాక్టరుని అడిగి మందు రూపంలో ఇవ్వాలి.

ఇన్సులిన్ నడుస్తుండగా ఒకేరోజున అన్నం మానేసి మాంసంలోకి మార్చేస్తే పాత మోతాదే ఎక్కువైపోయి షుగర్ పడిపోతుంది. మార్పు డాక్టరుకి చెప్పి, మెల్లగా చేయాలి. లావు తగ్గాలని పస్తు పెట్టడం కూడా తప్పే. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు చేరి చనిపోయే ప్రమాదముంది.

షుగర్ పడిపోతే

నీరసం, మత్తుగా తూలడం, పిలిస్తే పలక్కపోవడం, ఒంటి వణుకు, చివరికి ఫిట్స్. రక్తంలో షుగర్ 60 కంటే దిగితే ఇవి మొదలవుతాయి. మీటరు వెతుక్కుంటూ కూర్చోకూడదు. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. లేకపోతే తేనెనో, చిక్కటి పంచదార నీళ్లనో, బెల్లం పాకాన్నో వేలితో చిగుళ్లకి రాయాలి. స్పృహ లేని పిల్లి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అలా పోయకూడదు. తేరుకున్నాక కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. దీనికి పూర్తిగా వేరైన ఇంకో అత్యవసరం ఉంది. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నోట్లోంచి గోళ్లరంగు తుడిచే మందులాంటి వాసన వస్తుంటే అది కీటోన్లు పెరిగిన లక్షణం. దానికి ఇంటివైద్యం లేదు.

మనుషుల గ్లూకోమీటరుతోనే చెవి అంచున చిన్న సూదిపోటుతో షుగర్ చూడవచ్చు. చెవిని వెచ్చటి గుడ్డతో కాసేపు పట్టుకుంటే రక్తచుక్క సులువుగా వస్తుంది. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో అసలుకన్నా కాస్త తక్కువ చూపిస్తాయి, ఎప్పుడూ ఒకే మీటరు వాడాలి. మొదటి వారాల్లో సూదికి ముందు 200 కంటే తక్కువ కనిపిస్తే వేసేముందు డాక్టరుని అడగాలి. ఒక్క పూట 350 వచ్చిందని మోతాదు పెంచడం పెద్ద తప్పు. నీళ్లు తాగడం తగ్గిందా, బరువు నిలబడిందా అన్నవి మీటరు అంకెకన్నా నమ్మకమైన గుర్తులు. పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కి, దించాక మళ్లీ ఎక్కితే వచ్చే తేడాయే దాని బరువు.

గ్లార్జిన్ తెరవకముందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో గడ్డకడితే పారేయాలి. 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లుంటాయి. రోజుకి 2 యూనిట్లు వాడే పిల్లికి గడువులోగా అదే మిగిలిపోతుంది కాబట్టి పెద్ద సీసా కొనడం దండగ. కోనసీమలో తుఫానంటే కరెంటు రోజుల తరబడి లేకపోవడమే. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లు కూలిన సంగతి పెద్దవాళ్లకి గుర్తే. అలాంటప్పుడు మందుని పాలిథిన్ కవర్లో చుట్టి, తడిగుడ్డ కప్పిన కొత్త మట్టికుండలో నీడన పెడితే చల్లదనం నిలుస్తుంది. తుఫాను హెచ్చరిక వినగానే సిరంజిలు, తిండి కూడా వారానికి సరిపడా తెచ్చిపెట్టుకోవాలి.

కొన్ని పిల్లులకి, ముఖ్యంగా జబ్బు తొలి నెలల్లోనే ఇన్సులిన్, మాంసాహారం సరిగ్గా కుదిరినవాటికి, క్లోమం తిరిగి కోలుకుని ఇన్సులిన్ అక్కర్లేకుండా పోతుంది. అది వచ్చేది చెప్పిరాదు. నిన్నటిదాకా సరిపోయిన 1 యూనిట్ ఈరోజు ఎక్కువవుతుంది. అంకెలు వరసగా తగ్గుతుంటే మోతాదు దించే మాట డాక్టరుతో అప్పుడే మాట్లాడాలి. ఇన్సులిన్ ఆపాక కూడా నెలకోసారి చెవి పరీక్ష మానకూడదు. పిల్లి కోలుకుందన్న సంతోషంలో పాలన్నం మళ్లీ మొదలుపెట్టిన ఇళ్లలో షుగర్ తిరిగి రావచ్చు.