అలుగు దారి

2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న కురిసిన వానకు కోదాడలో కాలనీలు చెరువులయ్యాయి. వాగు నీటిలో కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ హైవే మీద బండ్లు ఆగిపోయాయి. ఇట్లాంటి వాన ఎప్పుడూ చూడలేదని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఒకే వానకు ఒక వీధి మునిగి పక్క వీధి ఎందుకు మునగలేదన్న ప్రశ్న నాకు అప్పట్నుంచీ మిగిలిపోయింది. దానికోసం వాన లెక్కలు పక్కన పెట్టి నేల చరిత్ర చదవాల్సి వచ్చింది.

సూర్యాపేట నుంచి కాస్త దూరం పోతే పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల ఊరు. అక్కడి శివాలయాల్లో 1195 నాటి, 1208 నాటి శాసనాలున్నాయి. మనం గుడి చూసి, నంది పక్కన ఫొటో దిగి వచ్చేస్తాం. ఆ కాలంలో గుడి కట్టించినవాళ్లు చెరువు కూడా తవ్వించేవాళ్లు. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదీ అదే వంశం పేరు, అక్కడా గుడితో పాటు చెరువుంది. మన చెరువుల్లో చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. అట్లా దిగి దిగి మూసీలోనో పాలేరులోనో కలిసి, కృష్ణకు పోతాయి. మిర్యాలగూడ దాటాక వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోటు చూస్తే ఈ ప్రయాణం చివరి మెట్టు కనిపిస్తుంది.

అలుగు అంటే నిండిన చెరువు కట్ట తెగకుండా, మిగులు నీళ్లు పోవడానికి కావాలనే తక్కువ ఎత్తులో కట్టిన చోటు. చెరువు ఎంతదాకా నిండాలో అలుగు ఎత్తే చెబుతుంది. ఇవాళ ఆఫీసు కాగితాల్లో ఎఫ్‌టీఎల్ అని రాస్తున్నది ఆ మట్టాన్నే. అంటే నీటికి హద్దు రాయడం మనకు కొత్త కాదు.

ఇంకో పాత మాట దశబంధం. చెరువు కట్టినవాళ్లకో, దాని మరమ్మతు చూసేవాళ్లకో ఆయకట్టులో కొంత భూమిని పన్ను లేకుండా, లేదా తక్కువ పన్నుకు ఇచ్చేవాళ్లు. పదో వంతు అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. భూమి ఉన్నంతకాలం చెరువు బాధ్యత కూడా దానితోపాటే ఉండేది. అదేదో స్వర్ణయుగం అని నేను చెప్పబోవడం లేదు. ఎవరి పొలానికి ముందు నీళ్లు పారాలో కులమూ భూమీ కలిసి తేల్చేవి. రాత్రిళ్లు తూము కాపలా కాసిన నీరటికాడికి దక్కింది పంటలో నాలుగు గింజలే. అయినా ఒక సంగతి మాత్రం గమనించాలి: నేల మీద హక్కు, నీటి పట్ల పూచీ అప్పట్లో ఒకే కాగితం మీద ఉండేవి.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడు) చెరువు కట్టించి వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం. చివరికి వచ్చేది నాకు బాగా గుర్తుండిపోయింది: నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. కోదాడ వరద వీడియోలు చూస్తుంటే ఆ ఆరో దోషమే గుర్తొచ్చింది.

గొలుసులో ఒక లంకె తెగితే ఏమవుతుందో 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్ చూసింది. మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని తర్వాత విశ్వేశ్వరయ్య లెక్క తేల్చాడు. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి.

మన వైపు పెద్ద మలుపు 1967 ఆగస్టు 4. నాగార్జునసాగర్ కాలువలకు ఆరోజే నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను తడిపింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. ఆ కాలువ లేకుండా ఇవాళ్టి మన ఊళ్లను ఊహించలేం. కానీ కాలువ మీద ధీమా వచ్చాక చెరువు మీద చూపు తగ్గింది. ఊరు పెరిగే కొద్దీ, ఎండాకాలంలో ఎండిపోయిన శిఖం అందరి కళ్లకూ ఖాళీ జాగాలాగే కనిపించింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయించింది, కట్టలు బలపరిచింది. అయితే చెరువుకూ చెరువుకూ మధ్య దారి మూసుకుపోతే, ఎంత బలమైన కట్టయినా ఏం చేస్తుంది?

ఇక చట్టం సంగతి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనలు చాలా స్పష్టంగానే ఉన్నాయి. ఎఫ్‌టీఎల్ లోపల, వాగులో, నాలాలో కట్టడం కుదరదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగు వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకోవడానికి స్వీయ ధ్రువీకరణ చాలు, అనుమతి వెంటనే వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ రాసిచ్చింది అబద్ధమైతే నోటీసు లేకుండానే కూల్చొచ్చని కూడా అదే చట్టం చెబుతుంది. అంటే పూచీ మళ్లీ యజమాని కాగితం మీదికే వచ్చింది. దశబంధంలో ఆ పూచీ చెరువు గురించి. ఇక్కడ సంతకం చేసే మనిషికి చెరువు ఎటుందో కూడా తెలియకపోవచ్చు.

మిర్యాలగూడ వైపు మా బాబాయి ఒక ప్లాటు చూసినప్పుడు ఇద్దరం గ్రామ నక్షా, లేఅవుట్ మ్యాపు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. నక్షాలో సన్నటి జంట గీతలుగా ఉన్న వాగు, లేఅవుట్‌లో ముప్పై అడుగుల రోడ్డయింది. "వాగు పోయింది గానీ పల్లం యాడికి పోతదిరా" అన్నాడు బాబాయి. మేం కొనలేదు. వేరేవాళ్లు కొన్నారు. ఇప్పుడక్కడ రెండంతస్తుల ఇల్లుంది, గేటు ముందు చిన్నపిల్లల సైకిలుంది. మేం తప్పించుకున్న నష్టం ఊళ్లోంచి పోలేదు, చేయి మారింది. అంతే.

ఈ లెక్క ఇంటి లోపల కూడా పనిచేస్తుంది. మునిగే వీధిలో ఉన్నవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు బేస్‌మెంట్ మూడడుగులు లేపుతారు, చుట్టూ మట్టి పోయించి ప్రహరీ కడతారు. అందులో తప్పు పట్టలేం, ఎవరి పిల్లలు వాళ్లకు ముఖ్యం. కానీ ఆ జాగాలో నిలవాల్సిన నీళ్లు లేపుకోలేని రేకుల ఇంట్లోకి పోతాయి. ఇల్లు లేపండి, సరే. జాగా అంతా మట్టి పోసి సిమెంటు చేయకుండా కొంత నేల వదిలేయండి, ఇంకుడుగుంత తవ్వించండి, ఇంటి ముందు మోరీని ర్యాంపు కింద పూడ్చకండి. కాలనీ సంఘం మీటింగులో కెమెరాల చందా గురించి మాట్లాడినంత సేపు మోరీ చివర ఎక్కడ కలుస్తుందో మాట్లాడితే ఇంకా మంచిది.

ప్రతి సేల్ డీడ్‌లో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. తూర్పున ఫలానావారి ప్లాటు, పడమర రోడ్డు, అట్లా. కొనేముందు గ్రామ నక్షా తీయించండి, నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడండి. ఆ తర్వాత ఒక వానరోజు అక్కడికి పోయి, దగ్గర్లో గేదెలు కాసే పెద్దమనిషిని అడగండి: "తాతా, చెరువు అలుగు పోస్తే నీళ్లు ఎటు పోతయి?" అని. ఆయన చెయ్యి మీ ప్లాటు వైపు చూపిస్తే, ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి.