కొవ్వు దేహం
ముఖానికి రాసుకునే క్రీము డబ్బా మీద ‘లైపోజోమ్’ అని చూసి, అది పెదవుల మందని ఒకరూ, సోమరసానికి చుట్టమని ఇంకొకరూ వాదించగా విన్నాను. రెండూ కాదు. గ్రీకులో ‘లిపోస్’ అంటే కొవ్వు, ‘సోమ’ అంటే దేహం. మన సోమలతతో దానికి పొత్తు లేదు. క్రోమోజోమ్, రైబోజోమ్‌ల తోక కూడా ఈ సోమే. 1960ల్లో కేంబ్రిడ్జి దగ్గరి బాబ్రహాంలో ఆలెక్ బాంగమ్ అనే శాస్త్రవేత్త గుడ్డుసొనలోని లెసిథిన్ అనే కొవ్వును నీటిలో కలిపితే, కొవ్వు పొరతో ఈ లైపోజోమ్ బుడగలు వాటంతటవే ఏర్పడ్డాయి. వాటిని సరదాగా ఆయన పేరిట బాంగోసోములన్నారు, 1968లో గెరాల్డ్ వైస్మన్ ఇప్పటి పేరు ఖాయం చేశారు. వీటికే ‘వెసికిల్’ అనీ పేరు. లాటిన్‌లో మూత్రాశయం ‘వెసికా’, దాని బుల్లి రూపం వెసికిల్. చర్మవైద్యులకైతే అదే మాట నీటిపొక్కు. మన ‘బుడగ’ వీటికి సరిపోతుంది కానీ, సబ్బుబుడగలా ఇవి ఎప్పుడూ గుండ్రంగా ఉండవు. బయటి నీటిలో చక్కెర పెంచితే లోపలి నీరు బయటికి పోతుంది, పొర వైశాల్యం మాత్రం తగ్గదు. మిగిలిపోయిన ఆ పొర వల్ల బుడగ కోలగా సాగుతుంది, నడుము సన్నబడుతుంది, ఒక్కోసారి పక్కన చిన్న బుడగ పుడుతుంది. పాఠ్యపుస్తకాలు ఈస్టు విషయంలో దీన్ని కోరకీభవనం అంటాయి. అరటిచెట్టును చూసినవాళ్లకు ‘పిలక వేయడం’ చాలు. 2009లో పరిశోధకులు టింగ్ జూ, జాక్ షోస్టాక్‌లు కొవ్వు ఆమ్లాల బుడగలకు అవే ఆమ్లాలు మేపితే అవి దారాల్లా పెరిగాయి. కాస్త కదిపితే ఆ దారాలు తెగి పిల్లబుడగలయ్యాయి. ఏ ప్రొటీనూ చెయ్యి వేయలేదు.