హిమాయత్‌సాగర్ ఒడ్డున చిరుత బాట

2020 మే 14. లాక్‌డౌన్‌తో బోసిపోయిన బెంగళూరు హైవే మీద, హైదరాబాద్ శివారు ఆరాంఘర్‌కు దగ్గర్లోని కాటేదాన్ అండర్‌పాస్ వద్ద నడిరోడ్డుపై ఒక చిరుత పడుకుని కనిపించింది. లారీ ఎక్కుతున్న మనిషి కాలు పట్టబోయింది. కుక్కలు చుట్టుముట్టాయి. చివరికి పక్కనున్న తోటల్లోకి జారుకుంది. ఆ అక్టోబరులో రాజేంద్రనగర్ దగ్గర ఒక చిరుత బోనులో పడింది. 2024 ఏప్రిల్ 28న ఇంకొకటి గొల్లపల్లి వైపు శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దూకింది. మే మొదటివారంలో మేక ఎర పెట్టిన బోనులో చిక్కింది. దాన్ని ముందు జూపార్కుకు, అక్కణ్నుంచి నల్లమలకు తరలించారు.

ప్రతిసారీ ఒకటే మాట: అడవి వదిలి ఊరి మీద పడిందని. ఏ అడవి? ఇక్కడికి నల్లమల నూరు కిలోమీటర్ల పైమాటే. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానం నాలుగు చదరపు కిలోమీటర్లయినా లేదు. మరి ఇన్నేళ్లు ఈ జంతువుకు చోటిచ్చిందెవరు?

జవాబు కోసం 1908 సెప్టెంబరు 28కి వెళ్లాలి. ఆ రోజు మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. మళ్లీ అలాంటి ఘోరం జరగకూడదని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి మంచినీళ్లిచ్చాయి. ఆ నీళ్లు చెడిపోకూడదని 1996 మార్చి 8న జీవో 111 తెచ్చారు. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. శంషాబాద్ కూడా అందులో ఉంది.

ఆ జీవోను చిరుత కోసం రాయలేదు. కానీ దాని వల్లే పొలాలు పొలాలుగా మిగిలాయి. గుండ్ల మధ్య పొదలు, మామిడి తోటలు, వాగుల ఒడ్డున తుమ్మ చెట్లు నిలిచాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, శివరాంపల్లి పోలీసు అకాడమీల విశాల ప్రాంగణాలు వాటికి తోడయ్యాయి. నెమళ్లు, అడవిపందులు, కుందేళ్లు బతకగల నేల అది. అవి ఉన్నచోట చిరుతకు తిండికి కొదవేముంది? తాగునీటి కోసం గీసిన గీత అడవి జంతువులకు నీడైందని నా నమ్మకం.

ఆ నీడ మీదికి నగరం పెరుగుతూ వచ్చింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దాకా వచ్చింది. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కుకు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో 111 ఆంక్షలు సడలించారు. అప్పట్నుంచి ఆ 84 గ్రామాల భూమి ధర గురించే అందరి మాటా. హిమాయత్‌సాగర్ గట్టు నుంచి చిలుకూరు గుట్టల దాకా ఆకుపచ్చటి బాటను తెగకుండా కాపాడే మాట మాత్రం ప్రణాళికల్లోకి రావాలి. లేఅవుట్లకు రాళ్లు పాతేశాక ఆ బాటను మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు.