ఈసీ అన్వేషణ: సర్వే నంబరు నుంచి లింకు దస్తావేజు దాకా

ఒక స్థిరాస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాలు, భాగపరిష్కారాలు, దానపత్రాలను రిజిస్ట్రేషన్ శాఖ రికార్డుల్లో వెతికి తీసే పద్ధతి ఈసీ అన్వేషణ. చేతికొచ్చే కాగితం ఋణభార ధ్రువపత్రం, వాడుకలో ఈసీ. లావాదేవీలు కనిపిస్తే 15వ ఫారంలోను, ఏమీ లేకపోతే 16వ ఫారంలోను ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, వినుకొండ వంటి చోట్ల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులున్నాయి. జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఈసీకి కావలసిన పాత రికార్డు మాత్రం గుంటూరు జిల్లా పేరు మీదే ఉంటుంది.

దస్తావేజుల నమోదుకు మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి రెగ్యులేషన్ దారి వేసింది. 1864 నుంచి వరుసగా వచ్చిన చట్టాల్లో చివరిది, నేటికీ నడుస్తున్నది 1908 చట్టం. వెతుకులాట వ్యాకరణమంతా అందులోనే ఉంది. 55వ సెక్షన్ ప్రకారం ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో నడుస్తుంది. ఆస్తిని సర్కారు పటాన్ని, సర్వేను బట్టి గుర్తించేలా రాయించే అధికారం 22వ సెక్షన్ ఇచ్చింది. రైత్వారీ ఊళ్లలో సర్వే నంబరే తాళంచెవి అయింది. 57వ సెక్షన్ రుసుము కట్టిన ఎవరికైనా ఈ ఇండెక్సులు చూసే వీలు కల్పించింది. ఇతరుల ఆస్తి గురించి అడగడం నేరమేమీ కాదన్నమాట. ఈ సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు.

కంప్యూటర్లు రాకముందు గుమస్తా ఊరి పేరు మీద ఏడాదికేడాది ఇండెక్సు తిరగేసేవాడు. ఎన్నేళ్లకు అడిగితే అన్నేళ్లకు వెతుకులాట రుసుము. చేతిరాత అర్థం కాక, చిరిగిన పేజీ దాటేసి, పక్క సబ్ డివిజన్‌ను కలిపేసి తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ.

1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణకు మొదలైన కార్డ్ ప్రాజెక్టు ఈ పద్ధతిని మార్చింది. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ ఆధ్వర్యంలో రూపొందిన ఈ పథకంలో వెనకటి 15 ఏళ్ల ఇండెక్సులను కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరకడానికి కారణం ఇదే. అంతకు ముందుది కావాలంటే నేటికీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి పాత పుస్తకాలు తీయించాలి.

ఇప్పుడు వెతకడానికి మార్గాలు రెండు. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు తెలిస్తే ఆ దస్తావేజు షెడ్యూలే వెతుకులాటకు ఆధారమవుతుంది. తెలియకపోతే ఊరు, సర్వే నంబరు, ఇంటి నంబరు, ప్లాటు, నాలుగు వైపులా చెక్కుబందీ నింపాలి. ఇక్కడే తెలివి కావాలి. 118/2ఎ కోసం వెతికేవాడు 118, 118/2, 118-2ఎ కూడా కొట్టి చూడాలి, ఎక్కించినవాడు ఎలా రాశాడో ఎవరికి తెలుసు? గళ్లన్నీ నింపితే ఫలితం బిగిసిపోతుంది, ఒక్క ఊరి పేరుతో అడిగితే వరదలా వచ్చిపడుతుంది. అనుభవమున్న దస్తావేజు లేఖరి ముందు వదులుగా అడిగి, తర్వాత చెక్కుబందీతో వడగడతాడు.

వచ్చిన ఈసీలో ఒక్కో ఎంట్రీకి మూడు తేదీలుంటాయి: ఆర్ రిజిస్టరైన రోజు, ఈ రాసుకున్న రోజు, పీ ఆఫీసులో దాఖలు చేసిన రోజు. రాసిచ్చినవారి పేరు పక్కన ఈఎక్స్, రాయించుకున్నవారి పక్కన సీఎల్. తనఖా అయితే పెట్టినవారికి ఎంఆర్, పట్టినవారికి ఎంఈ. కొన్ని ఎంట్రీల కింద లింకు దస్తావేజు నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని పాత దస్తావేజుకు, అక్కడి నుంచి ఇంకా పాతదానికి పోవచ్చు.

ఇలా లింకు పట్టుకుని వెతికే అవసరం సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లోనూ పడింది. ఆస్ట్రేలియా సంస్థ అట్లాసియన్ 2002లో తెచ్చిన, ప్రాజెక్టు పనులను ఇష్యూలుగా నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేర్‌కు 2009లో జేక్యూఎల్ అనే ప్రశ్నభాష వచ్చింది. అందులో లింక్‌డ్‌ఇష్యూస్ ఫంక్షన్‌కు ఒక రిక్వైర్‌మెంట్ నంబరు ఇస్తే దానికి తగిలించిన ఇష్యూలన్నీ వస్తాయి. ఎవరూ తగిలించనివి రావు. ఈసీ సంగతీ అంతే. రిజిస్టరు కాని వీలునామా, నోటి ఒప్పందం, కోర్టు దావా అందులో కనపడకపోవచ్చు. నిషేధిత భూముల జాబితాను 22-ఎ సెక్షన్ కింద వేరుగా చూసుకోవాలి.

పల్నాడులో సర్వే నంబరు కూడా నిలకడగా లేదు. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువకు భూమి పోయినచోట నంబర్లు సబ్ డివిజన్లయ్యాయి. వారసుల పంపకాలు వాటిని మళ్లీ చీల్చాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. కొత్త నంబరుతో మాత్రమే అడిగితే ఈసీలో పాత తనఖా తప్పిపోవచ్చు. అందుకే అలాంటి ఊళ్లలో పాత సర్వే నంబరుతో ఒక ఈసీ, ఎల్‌పీఎం నంబరుతో మరొకటి తీసి, మీభూమి పోర్టల్‌లోని అడంగల్, 1-బితో సరిచూసుకోవాలి.